టీచరమ్మ గొంతు అప్పగింత

అనంతపురం జిల్లాలో క్రీస్తు పాటలు వినేవాళ్ళను ఎవరినైనా అడగండి, మా బృందం గురించి చెబుతారు. మా పేర్లు మాత్రం చెప్పలేరు. టైలరు, డ్రైవరు, నర్సమ్మ, టీచరమ్మ. మైకు ముందుకు పిలిచేటప్పుడు కూడా అలాగే పిలుస్తారు. టీచరమ్మను నేను. ఎలిమెంటరీ స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లల మీద అరిచాను, ఆదివారాలు పాడాను. రెండూ ఒకే గొంతులోంచి వచ్చాయంటే నా పాత విద్యార్థులు ఇప్పటికీ నమ్మరు.

మమ్మల్ని కూడగట్టింది మా చర్చి పాత కోయిరు మాస్టరు. ఆయన చిన్నప్పుడు మిషనరీ దొరల దగ్గర నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాడట. నలుగురూ ఒకే మాటను ఒకేసారి నాలుగు రకాల స్వరాల్లో పాడతారు, కలిపి వింటే ఒక్క పాట. దొరలిచ్చిన పుస్తకాలు చెదలు తిన్నాయి. మాస్టరుకు కాగితం మీద నమ్మకం పోయి, ఏదీ రాయలేదు. ఒక్కొక్కరినీ విడిగా హార్మోనియం పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరి దారి వాళ్ళకు నోటితోనే నేర్పాడు. పక్కవాళ్ళ దారి పట్టుకోబోతే, "నీ చేను నువ్వు దున్నుకోప్పా, పక్కోని గట్టు ఎందుకు తొక్కుతావు?" అని కసిరేవాడు. నేర్పడం అయిన కొన్నేళ్ళకు చనిపోయాడు. అప్పటినుంచి టైలరు దారి టైలరు తలలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నాది నా తలలో తప్ప లేదు. అదొక గొప్పగా ఉండేది మాకు. అందులో ప్రమాదం ఉందని ఎవరికీ తట్టలేదు.

మాస్టరు కట్టిన పాటల్లో అందరికీ తెలిసింది వాన పాట. దేవుణ్ణి వాన అడిగే పాట. మా జిల్లాలో దానికి గిరాకీ తగ్గిన సంవత్సరం లేదు. మొదట క్యాసెట్టు, తర్వాత సీడీ, ఇప్పుడు సెల్లు. గుమ్మఘట్టలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు కూడా ఆ పాట మొత్తం తెలుగులో అప్పజెబుతారు. ధర్మవరంలో మా ఇద్దరు ఆడవాళ్ళకు ఒకే రకం పట్టుచీరలు ఇచ్చే శెట్టిగారు పొద్దున అంగడి తెరిచి వేంకటేశ్వరస్వామి పాటలు పెడతాడు. అవి అయ్యాక మా వాన పాట పెడతాడు. "యా దేవుడు వింటే ఏం టీచరమ్మా, వాన పడితే చీర అమ్ముడుపోతాది" అంటాడు. ఆ మాటకు బైబిల్లో జవాబు ఉండే ఉంటుంది, నేను వెతకలేదు. మేం పాడిన తర్వాత నిజంగా వాన పడింది ఒక్కసారే, యాడికి అనే ఊళ్ళో. షామియానా కూలి ఇద్దరు సంఘపెద్దలకు దెబ్బలు తగిలాయి. మరుసటేడు కూడా మమ్మల్ని పిలిచారు గానీ, ఆ ఒక్క పాట వద్దన్నారు.

బృందంలో మొదట మారింది డ్రైవరు. ఆర్టీసీలో రిటైరై, కూతురి దగ్గరికి తాడిపత్రి వెళ్ళిపోయాడు. నాలుగింటిలో అడుగు గొంతు ఆయనది. ఆయన బదులు చెనక్కాయల మిల్లులో మూటలు మోసే ఒకాయనను తెచ్చుకున్నాం. ఛాతీ వెడల్పు, గొంతు లోతు. రెండు ఆదివారాల్లో నేర్చేసుకున్నాడు. గుమ్మఘట్ట ప్రార్థన కూటాల్లో పాడి దిగాక ఒక ముసలాయన వచ్చి, "పోయినసారి బాగుండె కదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. చేతిలో బెల్లం ముక్క కూడా పెట్టాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇల్లు చేరేలోపల ఒక రూలు తయారు చేశాను.

రూలు ఇది. బృందం వదిలి పోయేవాళ్ళు తమ గొంతును కొత్తవాళ్ళకు అప్పగించి పోవాలి. మిగతా ముగ్గురం గోడవైపు తిరిగి కూర్చుంటాం. మా వెనక పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ మార్చి మార్చి పాడతారు. ఇప్పుడు పాడింది ఎవరో ముగ్గురిలో ఒక్కరు కనిపెట్టినా ఫెయిలు. ముగ్గురమూ తేల్చుకోలేకపోయిన రోజు పాతవాళ్ళకు విడుదల.

"ఇదేమన్నా ఇస్కూలా?" అన్నాడు టైలరు.

కాదన్నాను. అటెండెన్సు మాత్రం తీసుకున్నాను.

డ్రైవరు ప్రతి ఆదివారం తాడిపత్రి నుంచి వచ్చేవాడు. "ఏమమ్మా, గవర్నమెంటోళ్ళే నన్ను రిటైరు చేసినారు, నువ్వు మాత్రం చెయ్యకుండావే" అని గొణిగేవాడు. నెల గడిచినా మూటలాయన ఫెయిలవుతూనే ఉన్నాడు. కారణం తెలియడానికి ఇంకో వారం పట్టింది. డ్రైవరు వాన పాటను యాడికి బస్సు నడుపుతూ సాధన చేశాడు. బస్టాండు దాటగానే ఎత్తుకుంటే, రెండో చరణం చివరికి వచ్చేసరికి రోడ్డు మీద ఒక గతుకు. బస్సుతోపాటు ఆయన గొంతు కూడా ఎగిరి, క్షణం ఆగి, కింద పడేది. ఏళ్ళ తరబడి అదే రోడ్డు, అదే గతుకు. చివరికి చర్చిలో చాప మీద నిలబడి పాడినా గొంతు అక్కడ ఎగిరేది. మూటలాయన నున్నగా పాడేస్తున్నాడు. అందుకే ప్రతిసారీ దొరికిపోతున్నాడు.

గతుకు తీసెయ్యమని డ్రైవరుకు చెప్పాలా, పెట్టమని మూటలాయనకు చెప్పాలా అన్నది నేనే తేల్చాల్సి వచ్చింది. పెట్టమన్నాను. జనం విన్నది అదే కదా. ఆ గతుకు కోసం మూటలాయన ఇంకో రెండు నెలలు కష్టపడ్డాడు. తర్వాత ఆ రోడ్డు బాగుచేశారు. ఇప్పుడు జిల్లాలో ఏ చర్చిలో ఆ పాట పాడినా రెండో చరణం చివర జనమంతా ఒకసారి ఎగిరి ఆగుతారు. భక్తి అనుకుంటున్నారు. మేమూ సరిదిద్దలేదు.

తర్వాత నర్సమ్మ. ఆమె భర్తకు బళ్ళారిలో ఉద్యోగం దొరికింది. పై గొంతును బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకున్న ఆమెకు అప్పగించి, అయిదు ఆదివారాల్లో విడుదలై పోయింది. పోతూ పట్టుచీర తీసుకుపోయింది. అదే చీర ఇంకొకటి కావాలని ధర్మవరం పోతే శెట్టిగారు తల పట్టుకున్నాడు. "గొంతులు ఎన్నన్నా మార్చుకో టీచరమ్మా, చీరలు మార్చద్దు. ఆ మగ్గం మింద ఇప్పుడు వేరే రకం ఉండాది" అన్నాడు. చివరికి ఇద్దరికీ కొత్తవి తీసుకోవాల్సి వచ్చింది. నాకు ఆ రంగు నప్పలేదు. మూడేళ్ళు కట్టాను.

విచిత్రం ఏమిటంటే మనుషులు మారారు గానీ పిలుపులు మారలేదు. మూటలాయనను అందరూ డ్రైవరన్న అనే అంటారు. కూటాల దగ్గర యాడికి బస్సు ఎన్నింటికని ఆయన్నే అడుగుతారు. మొదట్లో తెలీదనేవాడు, తర్వాత టైములు కనుక్కుని చెప్పడం మొదలుపెట్టాడు. ఉగ్గాని బండి ఆమెను నర్సమ్మా అని పిలిచి మందుబిళ్ళలు చూపిస్తారు. ఆమె వాటిని వెలుతురుకు పట్టుకుని చూసి, "తిన్నాంక వేసుకో" అంటుంది. అందరికీ అదే చెబుతుంది. ఎవరికీ ఏమీ కాలేదు. టైలరు ఒక్కడే ఇప్పటికీ నిజంగా టైలరు.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. మెడలో గడ్డ లేచింది. అనంతపురంలో చూపిస్తే తీసెయ్యాలన్నారు. గొంతు నరం గడ్డకు అతుక్కుని ఉంది, మాట మారొచ్చు అని డాక్టరు ముందే చెప్పాడు. ఆయన చెప్పినట్టే మారింది. మాట వచ్చింది గానీ, పాట ఎత్తుకుంటే నీళ్ళు లేని బోరింగు కొట్టిన శబ్దం వచ్చేది. మా ఊళ్ళో ఆ శబ్దం తెలియనివాళ్ళు లేరు కాబట్టి ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. మూడు నెలలు చూసి, పాట మాటే మరచిపొమ్మన్నాడు డాక్టరు.

విడపనకల్లు సభలు రెండు నెలల్లో ఉన్నాయి. ముగ్గురితో సరిపెట్టుకోండని మా పాస్టరయ్య సలహా ఇచ్చాడు. ముగ్గురూ ఒకసారి పాడి చూశారు. పాట నిలబడలేదు. నా దారి మధ్యలో ఉండేది, అది తీసేస్తే పైది పైనే, కిందిది కిందే ఉండిపోయాయి. ఆ రోజు నాకు లోపల్లోపల సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ వేసింది. నేను లేకపోతే వీళ్ళు పాడలేరు అనుకుంటూ ఇంటికొచ్చి అన్నం బాగా తిన్నాను.

మరుసటి ఆదివారం టైలరు ఒక పాపను వెంటబెట్టుకొచ్చాడు. ఇంటర్నెట్ సెంటరులో సర్టిఫికెట్లు ప్రింటు తీసి ఇచ్చే పాప. ఇరవై మూడేళ్ళుంటాయేమో. మా పాత రికార్డింగును చెవుల్లో పెట్టుకుని, నాలుగు గొంతుల్లోంచి నా ఒక్కదాన్నే ఏరుకుని నేర్చుకుందట. ఇదేం చోద్యమో నాకు అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి కలిసి పాడి, నన్ను నేనే ఆ రికార్డింగులో ఏరుకోలేను.

రూలు ప్రకారం నేను వెనక నిలబడి పాపతో మార్చి మార్చి పాడాలి. పాడలేను. అందుకని నేనే గోడవైపు కూర్చున్నాను. మిగతా ముగ్గురూ పాపతో కలిసి పాడతారు, ఇది టీచరమ్మ గొంతేనా కాదా అని నేను చెప్పాలి. అంటే పోవాల్సింది నేనే, పోవచ్చని చెప్పాల్సిందీ నేనే. ఇందులో ఉన్న ఇబ్బంది ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

పాప పాడింది. గోడకు సున్నం కొట్టి చాలా ఏళ్ళయింది, పెచ్చులు లేచాయి. ఒక పెచ్చు వైపే చూస్తూ విన్నాను. అది నా గొంతే. నా వయసులో సగం కూడా లేని నా గొంతు.

"తప్పు" అన్నాను. "మూడో చరణంలో ఆలస్యంగా అందుకుంటున్నావు."

"సరే మేడం" అంది పాప.

రెండో ఆదివారం మళ్ళీ అక్కడే ఆలస్యం. మూడో ఆదివారం అంతే. మిగతాదంతా సరిగ్గా పాడి ఆ ఒక్క చోట అర ఊపిరి వెనకబడుతుంది. నాకు అది చాలు. ఫెయిలు, ఫెయిలు అంటూ పోయాను. పాప ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు, మార్చుకోనూ లేదు. మొండిదని తీర్మానించుకున్నాను. నిజం చెప్పాలంటే అది మార్చుకుంటుందేమోనని ప్రతి ఆదివారం భయపడ్డాను. మార్చుకుంటే చెప్పడానికి నా దగ్గర ఇంకో తప్పు లేదు.

ఏడో ఆదివారం నాటికి సభలు ఇంకో వారంలో ఉన్నాయి. పాప పాడింది. "మళ్ళీ ఆలస్యం" అన్నాను. ఈసారి "సరే మేడం" వినపడలేదు. వెనక్కి తిరిగి చూస్తే పాప తల వంచుకుని ఉంది.

"అది పాప తప్పు కాదు టీచరమ్మా" అన్నాడు మూటలాయన.

"మరి ఎవరిది?"

ఉగ్గాని బండి ఆమె కొంగు సర్దుకుంది. సర్దుకోవాల్సిన పని లేదు, అది సరిగ్గానే ఉంది. చివరికి టైలరు నోరు తెరిచాడు.

"నీది."

పాప తన ఫోను నా చేతికిచ్చి, ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టింది. పాత రికార్డింగు. ఆమె వేలు ఎత్తిన చోట జాగ్రత్తగా విన్నాను. మూడో చరణంలో ముగ్గురి గొంతులూ పాదం చివరికి వచ్చి ఆగాయి. అర ఊపిరి తర్వాత నా గొంతు వచ్చి కలిసింది. అప్పుడు నలుగురమూ ముందుకు పోయాం. ఇంకోసారి పెట్టించుకున్నాను. ఇంకోసారి. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆలస్యంగా వస్తే గోడకుర్చీ వేయించినదాన్ని. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని మా అమ్మ అంటుండేది, ఎవర్ని చూసి అనేదో గానీ.

"మొదట్నుంచీ ఇంతేనా?" అన్నాను.

"మొదట్నుంచీ" అన్నాడు టైలరు. "ఆడ నీకు ఊపిరి చాల్దు. మాస్టరే మాకు చెప్పినాడు. ఆయమ్మ వచ్చేదాకా మీరు ముగ్గురూ రోంత నిలబడండి, ఆయమ్మకు మాత్రం చెప్పద్దండి, ఊరికే అగ్గయితాది అని."

నేను మూటలాయన వైపు చూశాను. ఆయన మాస్టరును చూసి కూడా ఎరగడు.

"డ్రైవరన్న నాకు గొంతు అప్పగిచ్చేటప్పుడు అది గూడా అప్పగిచ్చినాడు" అన్నాడు. "గతుకు ఒకటి, నీకోసం నిలబడేది ఒకటి. గతుకైతే బిరీన వచ్చె. నిలబడేదే కష్టమాయె."

"నాకు నర్సమ్మ చెప్పింది" అంది ఉగ్గాని బండి ఆమె. "నీ ముందర అనద్దని చెప్పింది."

అంటే నేను గోడవైపు తిరిగి కూర్చుని రూళ్ళు పెడుతున్నంతకాలమూ, నా వెనక వీళ్ళు ఒకరికొకరు నన్నే అప్పగించుకుంటున్నారు. నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

"అయితే ఇప్పుడైనా పాపకు సరిగ్గా నేర్పండి" అన్నాను. "నా తప్పు అది ఎందుకు మోయాల?"

"నేనే మార్చద్దంటి" అన్నాడు టైలరు. "ఆ పాప టయానికి వచ్చేస్తే మేము ముగ్గురం ఆడ ఏం చేసేది? నిలబడేది అలవాటైపోయిండాది టీచరమ్మా. నిలబడకుంటే మాకు పాట రాదు."

బయట ఎవరో ప్లాస్టిక్ బిందెలతో ట్యాంకరు వెనక పరుగెత్తుతున్నారు. తర్వాత "పాస్" అన్నాను. ఆ మాట కూడా గొంతులోంచి సరిగ్గా రాలేదు, రెండోసారి అనాల్సి వచ్చింది. పాప నా కాళ్ళకు మొక్కబోయింది. చర్చిలో అలాంటివి చేయకూడదని కసిరాను. ఆ నప్పని రంగు చీర మాత్రం ఇస్త్రీ చేయించి పంపాను. దానికి నప్పింది.

విడపనకల్లు సభలకు అందరితోపాటు జీపులోనే పోయాను. అక్కడ వాళ్ళు స్టేజీ వెనక్కి వెళ్ళారు, నేను ఆడవాళ్ళ వైపు జంఖానా మీద కూర్చున్నాను. సాయంత్రమైనా నేల ఇంకా కాలుతోంది. నా పక్కన ఒక పెద్దావిడ, ఒళ్ళో మనవరాలు. నేనెవరో ఆమెకు తెలీదు. స్టేజీ మీద నన్ను ఎన్నోసార్లు చూసే ఉంటుంది. అక్కడ పట్టుచీరలో ఉంటాను కదా, ఇక్కడ నూలుచీర.

మైకులో పిలిచారు. "టైలరన్న, డ్రైవరన్న, నర్సమ్మ, టీచరమ్మ." నేను సగం లేచాను.

"కూచ్చోక్కా, ఎనక పిల్లోళ్ళకు కనపడల్యా" అంది పెద్దావిడ.

కూర్చున్నాను. వాన పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం బాగా వచ్చింది. రెండో చరణం చివర డ్రైవరన్న ఎగిరితే మైదానం మొత్తం ఎగిరి ఆగింది. పెద్దావిడ ఒళ్ళోని మనవరాలు కూడా ఎగిరింది. నా పెదవులు కదులుతున్నాయని తెలుసు గానీ, నేను పాడుతున్నానని నాకు తెలీదు. నా లోపల నా దారి చక్కగా నడుస్తోంది, ఎక్కడా బోరింగు శబ్దం లేదు. బయటికి ఎలా వస్తోందో పెద్దావిడ మోచేత్తో పొడిచాక గానీ తెలియలేదు.

"రోంత గమ్మునుండక్కా" అంది. "టీచరమ్మ గొంతు వినపడల్యా."

నోరు మూసుకున్నాను. మూడో చరణం వచ్చింది. పాదం చివరికి వచ్చి ముగ్గురూ ఆగారు. టైలరు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మాస్టరు నేర్పిన రోజునుంచి అక్కడ అలాగే నిలబడుతున్నాడన్నమాట. పక్కన నేనే ఉండి ఒక్కనాడూ చూడలేదు, ఆ క్షణంలో నేనెప్పుడూ ఊపిరి తీసుకుంటూ ఉండేదాన్ని. పాప వచ్చి కలిసింది. నలుగురూ ముందుకు పోయారు. నాకు ఏడుపు ఆగలేదు. పైకి ఏడిస్తే ఆవిడ మళ్ళీ పొడుస్తుందని, పాట అయ్యేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.